ఇద్దరు పీటరులు: ఆఫ్రికా తిరుగుబాట్లు – మిషనరీ కుటుంబముల కథాకల్పన

పందొమ్మిదవ శతాబ్ది ముగియుచు ఇరువదవది మొదలగు కాలమున ఆఫ్రికా దక్షిణభాగమున రెండు పెద్ద తిరుగుబాట్లు జరిగినవి. మొదటిది 1896-97లో నేటి జింబాబ్వే దేశమున బ్రిటిషు దక్షిణాఫ్రికా కంపెనీపై ఎండెబెలె, షోనా జాతులవారు సాగించినది. రెండవది 1904లో జర్మను నైరుతి ఆఫ్రికాలో, అనగా నేటి నమీబియాలో, హెరెరోలు ప్రారంభించినది. ఆ యేడు ముగియకమునుపే నామా జాతివారును ఆయుధము పట్టిరి. ఈ రెండు పోరాటములును ఆరకమునుపో, ఆరిన వెంటనేయో వానిపై యూరపు భాషలలో కథలు వెలువడినవి. వానిలో మిక్కిలి చదువబడినవి రెండు. ఆలివ్ ష్రైనర్ ఇంగ్లీషున వ్రాసిన 'ట్రూపర్ పీటర్ హాల్కెట్ ఆఫ్ మషోనాలాండ్' 1897లో అచ్చయ్యెను. గుస్టావ్ ఫ్రెన్సెన్ జర్మనున వ్రాసిన 'పేటర్ మోర్స్ ఫార్ట్ నాఖ్ జూడ్‌వెస్ట్' 1906లో వచ్చెను. 'నైరుతి ఆఫ్రికాకు పేటర్ మోర్ ప్రయాణము' అని దాని పేరును తెలుగు చేయవచ్చును.

ఇద్దరు నాయకులును సామాన్య సైనికులే. ఇద్దరి పేరును పీటరే. ఇది కాకతాళీయమే కావచ్చును. కాని ఆ ఇద్దరిని సృష్టించిన రచయితలకు నడుమ మరియొక పోలిక కలదు, అది కాకతాళీయము కాదు. ష్రైనర్ మిషనరీ కూతురు. ఫ్రెన్సెన్ పదేండ్లకు పైగా గ్రామములలో ప్రసంగపీఠ మెక్కిన పాస్టరు. ఇద్దరును బైబిలు భాషలో పెరిగినవారు. ఇంకొక సంగతి: ఇద్దరిలో ఎవ్వరును తాము వర్ణించిన యుద్ధభూమిని కన్నులార చూచినవారు కారు.

మొదటి పుస్తకము సామ్రాజ్యమును నిందించినది, రెండవది సమర్థించినది. సాహిత్యచరిత్రలు ఇంతటితో తృప్తిపడుచున్నవి. ఆ విభజనము తప్పు కాదు, కాని చాలదు. భారతీయ భాషలలో వలసకాలపు తిరుగుబాట్లపై వచ్చిన నవలలను పరిశోధించు మనవారు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. తిరుగబడినవాడు ఆ కథలో ఎచ్చట నున్నాడు? అతనికి పేరున్నదా, మాట యున్నదా, కారణమున్నదా? ఈ మూడింటిని విడివిడిగా అడిగినపుడు సమాధానములు మనము ఊహించినట్లు రావు.

ముందుగా 'తిరుగుబాటు' అను మాటను గూర్చి ఒక్క ముక్క. మన్యపు పోరాటములను దొరతనమువారు 'పితూరీ' అని తమ కాగితములలో వ్రాసికొనిరి. రంపలో 1879-80లో జరిగినదియు, 1922-24లో అల్లూరి సీతారామరాజు నడపినదియు వారికి పితూరీలే. ఆ మాటకే మన ఇండ్లలో చాడీ యనియు, ఫిర్యాదనియు అర్థము కలదు. ఒకే పదము ఒకవంక ఆయుధము పట్టుటను, వేరొకవంక పైవారితో చెప్పికొనుటను సూచించుట ఆలోచింపదగినది. షోనాలు 1896 నాటి పోరును 'చిమురెంగ' అందురు. 1960, 70 దశకముల స్వాతంత్ర్యయుద్ధమును ఆ పేరుతోనే రెండవదిగా లెక్కించుటచే పాతదానికి మొదటి చిమురెంగ యను స్థానము స్థిరపడెను. జర్మనువారు వాడిన 'ఆవుఫ్‌ష్టాండ్' అను మాటకు ధాత్వర్థము చూచినచో లేచి నిలుచుట. పరిపాలకుడు నిందగా వాడిన పదములోనే పాలితుని పక్షము దాగియుండుట తరచుగా కననగును. ఫ్రెన్సెన్ తన పుస్తకమునకు ఉపశీర్షికగా 'దండయాత్రా నివేదిక' అను అర్థమిచ్చు మాట నుంచెను. నివేదిక యనగా చూచినవాడు చెప్పునది. చూడనివాడు వ్రాసిన నివేదిక యెట్టిదో ముందు చూతము.

కంపెనీకి 1889లో రాజశాసనము లభించెను. 1890లో దాని దండు మషోనాలాండు చేరి సాల్స్‌బరీ కోటపై జెండా ఎత్తెను. 1893లో ఎండెబెలె రాజు లోబెంగుల రాజ్యము కూలెను. పిమ్మట భూములు తెల్లవారి పొలములైనవి, పశువులు కొల్లపోయినవి, 1894 నుండి గుడిసెకు పది షిల్లింగుల పన్ను పడెను, పన్ను చెల్లింపలేనివాడు కూలికి పోవలసి వచ్చెను. దీనికి తోడు 1896లో పశువుల మహామారి ఆ దేశమును ఊడ్చివేసెను. 1895 డిసెంబరు చివర జేమ్సన్ కంపెనీ పోలీసులను వెంటగొని ట్రాన్స్‌వాల్‌పై దండెత్తి పట్టుబడుటచే దేశమున కావలివారు కొరవడిరి. 1896 మార్చిలో ఎండెబెలెలు, జూనులో షోనాలు లేచిరి. ఎండెబెలెలు ఆ యేడే మాటోపో కొండలలో రోడ్సుతో సంధి చేసికొనిరి. షోనాల పోరు 1897 చివరి దాక సాగెను. ఆత్మలు పూనగా పలుకు మాధ్యములు ఈ పోరునకు సూత్రధారులని టెరెన్స్ రేంజర్ 1967లో వాదించెను. జూలియన్ కాబింగ్, డేవిడ్ బీచ్ తరువాత దానిని గట్టిగా ఖండించిరి. అంత ఏకసూత్రత లేదనిరి. ఆ వివాదము చరిత్రకారులది. మన పనికి కావలసినది ఇంతే: ఈ పోరునకు కారణములు నిగూఢములు కావు. భూమి, పశువు, పన్ను, కూలి.

ఆలివ్ ష్రైనర్ 1855లో కేప్ వలసరాజ్యమున విట్టెబెర్గెన్ అను మిషను కేంద్రమున జన్మించెను. తండ్రి గాట్లోబ్ జర్మను జాతీయుడు, లండను మిషనరీ సంఘము పంపగా వచ్చినవాడు. కూతురు యౌవనముననే చర్చి విశ్వాసమును వదలుకొనెను. 1883లో అచ్చయిన 'ది స్టోరీ ఆఫ్ యాన్ ఆఫ్రికన్ ఫార్మ్' ఆమెకు కీర్తి తెచ్చెను. చర్చిని వదలినను సువార్తల భాష ఆమెను వదలలేదు. మషోనాలాండు వార్తలు విని ఆమె కథ వ్రాయబూనినపుడు చేతికందిన సాధనము ఆ భాషయే.

ఆ పుస్తకపు తొలి ముద్రణమున కథకు ముందు ఒక ఛాయాచిత్ర ముండెను. బులవాయోలో ఒక చెట్టుకు ముగ్గురు నల్లవారు ఉరివేయబడి వ్రేలాడుచుండగా, చుట్టును తెల్లవారు నిలిచి చూచుచున్నారు. తరువాతి ముద్రణములలో ఆ చిత్రము లేకపోయెను; చాల దశాబ్దములకు గాని తిరిగి చోటు దొరకలేదు. కథ కల్పితము, చిత్రము కాదు. కథను కల్పితమని కొట్టివేయు వీలు పాఠకునకు లేకుండ రచయిత్రి మొదటి పుటయందే సాక్ష్యము పెట్టినది. చిత్రమును తీసివేసినవారు పుస్తకమునుండి ఒక అలంకారమును తొలగించినట్లు భావించి యుందురు. నిజమునకు వారు తొలగించినది వాదములోని ఆధారవాక్యమును.

కథ చిన్నది. ఇంగ్లండు పల్లెలో చాకిరేవు చేసి బ్రతుకు ఒక తల్లి కొడుకు పీటర్ హాల్కెట్. కంపెనీ దండులో చేరి, ఒకనాడు దారితప్పి, కొండగుట్టపై చలిమంట వేసికొని ఒంటరిగా రాత్రి గడుపును. డబ్బు గడించుటెట్లు, కంపెనీ పెట్టి వాటాలమ్ముటెట్లు అని కలలు కనును. తాను కాల్చిన పల్లెలు, చెరచిన స్త్రీలు జ్ఞాపకము వత్తురు. అవి అతనికి పాపములుగా తోచవు. అప్పుడొక అపరిచితుడు మంట వెలుగులోనికి వచ్చును. పాలస్తీనా యూదుడు, తెల్లని నారబట్ట, పాదములపై మానిన గాయములు. ఎవరైనదియు పాఠకునకు తెలియును, పీటరుకు తెలియదు. ఆ రాత్రి అపరిచితుడు అతనిని దూతగా ఇంగ్లండు ప్రజల యొద్దకు, దక్షిణాఫ్రికావారి యొద్దకు, అధికారమున నున్న ఒక మనిషి యొద్దకు పొమ్మనును. పీటరు నావల్ల కాదనును. కడకు దగ్గరనున్న ఒక్క శత్రువును ప్రేమింపుమను ఆజ్ఞ మిగులును. రెండవ భాగమున దండు విడిదిలో ఒక నల్లవాడు బందీయై చెట్టుకు కట్టబడి యుండును. వానిని వదలుమని పీటరు దళనాయకుని వేడును. శిక్షగా వానిని మరునాడు నీవే కాల్చవలెనని ఉత్తరువగును. రాత్రి పీటరు కట్లు కోయును, బందీ పారిపోవును, పీటరు కాల్పులలో చచ్చి ఆ చెట్టుక్రిందనే పూడ్చబడును.

పీటరు ఒక్క రాత్రిలో మారుట అసహజమని కొందరు విమర్శకులందురు. అది నీతికథల లక్షణము, దోషము కాదు. నాకు తోచిన లోపము వేరొకటి. ఆ బందీకి పేరు లేదు. అతడేల పోరినాడో అతని నోట మనము వినము. అతడు కథలో చెట్టుకు కట్టబడిన శరీరము. పీటరు ఆత్మను పరీక్షించు సాధనము. కారణములన్నియు అపరిచితుడే చెప్పును, అనగా క్రీస్తే చెప్పును. అన్యాయమునకు సాక్షి దేవుడయినపుడు బాధితునకు సాక్ష్యమిచ్చు పని తప్పిపోవును. కథ ముగియునప్పటికి సమాధి తెల్లవానిది. పారిపోయినవాడు ఎచ్చటికి పోయెనో, మరల ఈటె పట్టెనో లేదో రచయిత్రికి పట్టదు.

అయినను ఆ కథలో ఒక సందు కలదు. దానిని చాలమంది చదువరులు దాటిపోవుదురు. మంట యెదుట పీటరు చెప్పికొను ముచ్చట్లలో తాను ఉంచుకొనిన ఇద్దరు నల్లస్త్రీల ప్రస్తావన వచ్చును. అందొకతె సమయము చూచి అతని తుపాకి, తూటాలు తీసికొని తనవారి యొద్దకు పారిపోవును. పీటరు దానిని కృతఘ్నతగా తలచి వాపోవును. అతడెంత మంచిగా చూచినాడో చెప్పును. కాని తూటాలు ఎవరికొరకో పాఠకునకు తెలిసిపోవును. ఆ పుస్తకమంతటిలో తిరుగుబాటు అనదగిన క్రియ అదొక్కటియే. అది తిరుగబడిన స్త్రీ నోట కాక, మోసపోతినని ఏడ్చు సైనికుని నోట మనకు చేరుచున్నది. ష్రైనర్ దీనిని బుద్ధిపూర్వకముగనే అట్లు వ్రాసినదని నా నమ్మకము. దేవుడు చెప్పిన ఉపమానములకంటె ఈ నాలుగు మాటలలో చరిత్ర ఎక్కువ.

ష్రైనర్‌తో మన దేశమునకును కొంత సంబంధము కలదు. గాంధీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆమెను ఆదరముతో పేర్కొనెను. 1914 ఆగస్టులో ఆయన లండనులో యుద్ధసేవకు పూనుకొన్నపుడు ఆమె తన వేదనను తెలుపుచు ఆయనకు జాబు వ్రాసినది. హాల్కెట్ కథ వ్రాసిన చేయి అట్టి జాబు వ్రాయకుండ ఉండజాలదు.

ఇక రెండవ పీటరు. ఫ్రెన్సెన్ 1863లో జర్మనీ ఉత్తరపు కొసనున్న డిట్‌మార్షెన్ సీమలో వడ్రంగి కొడుకుగా పుట్టెను. హెన్‌ష్టెట్, హెమ్మె గ్రామములలో పాస్టరుగా పనిచేసెను. 1901లో వచ్చిన 'యోర్న్ ఊల్' నవల అతనిని ఒక్కసారిగా దేశమంతట ప్రసిద్ధుని చేయగా మరుసటి యేడు పాస్టరు పదవిని వదలి రచనయే వృత్తిగా చేసికొనెను. ప్రసంగవశమున చెప్పవలెనన్న, అతని సొంత ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతమునుండియే మన జయపురము, సాలూరు, పార్వతీపురము ప్రాంతములకు జర్మను మిషనరీలు వచ్చిరి. వారిని పంపిన బ్రెక్లుమ్ మిషను 1876లో అచ్చట స్థాపింపబడినది. సాలూరుకు వచ్చినవారిని గన్న గ్రామములును, పేటర్ మోర్‌ను చదివి మురిసిన గ్రామములును ఒక్క సీమవే.

పేటర్ మోర్ ఇట్‌జెహో పట్టణమున కమ్మరి కొడుకు. నౌకాసైన్యపు పదాతిదళమున తానై చేరి, హెరెరోల అణచివేతకు ఓడ యెక్కును. దాహము, జ్వరము, ముండ్లపొదలలో పోరు, ఎడారి అంచు దాక తరుము, రోగము, తిరుగు ప్రయాణము. అంతయు ఉత్తమపురుషలో, కమ్మరివాని పొట్టి పొట్టి వాక్యములలో నడచును. చివర హాంబుర్గులో పరిచయస్థుడొకనికి తన కథ చెప్పగా అతడే దీనిని పుస్తకము చేసినాడని ముగింపు. ఫ్రెన్సెన్ ఆఫ్రికా చూడలేదు. తిరిగివచ్చిన సైనికులు చెప్పినవి విని, చదివి వ్రాసెను. ఆ ఉపాయముచే పుస్తకము కల్పన యను సంగతి పాఠకుడు మరచిపోవును. అది పాఠశాలలలో పిల్లలచేత చదివింపబడెను; లక్షల ప్రతులు చెల్లెను. 1908లోనే ఇంగ్లీషు అనువాదము వెలువడెను. ష్రైనర్ ఉపమానము వ్రాసి ఛాయాచిత్రముతో సాక్ష్యము కట్టగా, ఫ్రెన్సెన్ సాక్ష్యపు గొంతునే కల్పించెను. శిల్పదృష్టితో చూచినచో రెండవవాడే నేర్పరి. ఆ మాట ఒప్పుకొనుటకు సంకోచింప పనిలేదు. ప్రమాదమంతయు ఆ నేర్పులోనే యున్నది.

ఇచ్చట మన మొదటి ప్రశ్నకు ఊహింపని సమాధానము దొరకుచున్నది. తిరుగుబాటునకు కారణమేమి యని కొత్త సైనికులు మంటచుట్టు కూర్చుండి మాటాడుకొను ఘట్ట మొకటి ఆ పుస్తకమున కలదు. ఆ దేశమున చాలకాలమున్న ఒక పెద్ద సమాధానము చెప్పును. వీరు పశువులు, భూములు గల ఆసాములు, వారిని భూమిలేని కూలివారిగా చేయుటకు మనము వచ్చితిమి, వారు లేచిరి. నెపోలియనుపై 1813లో ఉత్తర జర్మనీ ఏమి చేసెనో వీరు నేడదే చేయుచున్నారు, ఇది వారి స్వాతంత్ర్యపోరాటము. మరి క్రూరత్వమో అని ఒకడడిగిన, మన జనమే పరాయివానిపై లేచినచో క్రూరత్వము లేకుండ జరుగునా యని ఎదురు ప్రశ్న. మిషనరీల విషయమై ఆ సంభాషణ ఇంకను పదునైనది. మిషనరీ వచ్చి మీరు మా సోదరులనును; వెనుకనే వర్తకుడును, రైతును, సైనికుడును వచ్చి మీ పశువులు, మీ నేల మాకు కావలెననును. ఈ రెండు మాటలు ఒక్కచోట ఇముడవు. వలస న్యాయమా, సోదరప్రేమ న్యాయమా, ఏదో ఒకటి తేల్చుకొనవలెను.

తిరుగబడినవాని పక్షమును ఇంత సూటిగా ష్రైనర్ పుస్తకమున ఏ నల్లవాని తరఫునను ఎవరును చెప్పలేదు. సామ్రాజ్యమును కీర్తించిన పుస్తకమే తిరుగుబాటు కారణమును స్పష్టముగ చెప్పినది. అయినచో ఆ పుస్తకము ఎటు తేల్చుకొన్నది? చివరి భాగమున సైనికులు ఒక హెరెరోను పట్టి, ప్రశ్నించి, కాల్చి చంపుదురు. పిదప ఒక అధికారి తీర్పు చెప్పును. వీరు చావదగినవారు, రెండు వందలమంది రైతులను చంపినందులకు కాదు, తిరుగబడినందులకును కాదు, ఇండ్లు కట్టనందులకు, బావులు త్రవ్వనందులకు. మనము వారికంటె ఉన్నతులము, ముందడుగు వేసినవారము గనుక దేవుడు జయమిచ్చెను. పేటరు దానిని విని ఆలోచనలో పడును, ఒప్పుకొనును.

కాబట్టి ఇది కారణము తెలియక చేసిన అన్యాయము కాదు. తెలిసియు చేసిన సమర్థనము. పరాయివాని దృష్టిని పాఠకునకు పరిచయము చేసినచో క్రౌర్యము తగ్గునని సాహిత్యమును గూర్చి మనము చెప్పు మాట కలదు. తరగతిలో నేనును పలుమార్లు చెప్పుచుందును. ఫ్రెన్సెన్ పుస్తకము ఆ మాటకు గట్టి ప్రత్యుదాహరణము. ఎదుటివాని న్యాయమును వినిపించి, దానికంటె పెద్దదని ఒక విధిని కల్పించి, పాఠకుడు బరువైన హృదయముతో అంగీకరించునట్లు చేయుటయే అందలి విధానము. ఆ విధిని పలికిన భాష పాస్టరుదే. పదవి వదలినను ప్రసంగపీఠము అతనిలో మిగిలెను, మిగలనిది సోదరప్రేమ. తరువాతి కాలమున అతడు క్రైస్తవమునే విడిచి నాజీల పక్షము చేరెను. 1945లో మరణించెను.

బావుల మాట మరల చూడవలెను. 1904 ఆగస్టు 11న వాటర్‌బెర్గ్ యుద్ధమున ఓడిన హెరెరోలు ఆడవారితో, పిల్లలతో, పశువులతో ఒమాహెకె ఎడారిలోనికి పారిపోయిరి. జర్మను సేన నీటిమడుగులను ఆక్రమించి వారిని వెనుకకు రానీయలేదు. అక్టోబరు 2న సేనాధిపతి లోథార్ ఫాన్ ట్రోథా జర్మను హద్దులలో కనబడు ప్రతి హెరెరోను కాల్చవలెనని ఆజ్ఞ చేసెను. తరువాత ఆ దారి పోయిన దళములకు ఎడారిలో లోతుగా త్రవ్విన ఎండుగుంటలు, వాని చుట్టును అస్థిపంజరములు కనబడినవి. బావులు త్రవ్వలేదను నింద ఎవరిపై వేయబడినదో వారు నీటికొరకు త్రవ్వుచు త్రవ్వుచు చచ్చిరి. యుద్ధమునకు ముందు హెరెరోలు సుమారు ఎనుబది వేలుందురని అంచనా. 1911 లెక్కలో మిగిలినవారు పదునైదు వేలకు కొంచెము పైన. ట్రోథా ఆజ్ఞను బెర్లిను 1904 డిసెంబరులో ఉపసంహరించినను, లొంగినవారికి నిర్బంధ శిబిరములు సిద్ధమయ్యెను. వారిని ఎడారి నుండి పిలిచి శిబిరములకు చేర్చు పనిలో రైన్‌లాండు మిషనువారు మధ్యవర్తులైరి. ప్రాణములు నిలుపవలెననియే వారు ఆ పని చేసిరి. వారి పిలుపు నమ్మి వచ్చినవారు అచ్చటినుండి నిర్బంధకూలికి పోయిరి. ఆ మిషనునే జర్మను వలసపక్షపు పత్రికలు నల్లవారి పక్షపాతియని తిట్టుచుండెను.

భాషాశాస్త్రజ్ఞులకు ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. హెరెరో భాషకు లిపి కూర్చినవారు ఆ మిషనువారే. కార్ల్ హ్యూగో హాన్ వ్యాకరణము 1857లో, బ్రింకర్ నిఘంటువు 1886లో వెలువడినవి. తిరుగుబాటు నాయకుడు సామ్యూల్ మహరెరో మిషనువారి వద్ద చదివినవాడు, బాప్తిస్మము పొందినవాడు. మిషనరీలను, స్త్రీలను, పిల్లలను, ఇంగ్లీషువారిని, బోయరులను ముట్టరాదని అతడు తనవారిని ఆదేశించెను. 1904 మార్చిలో అతడు గవర్నరు లాయ్ట్‌వైన్‌కు వ్రాసిన జాబు నిలిచియున్నది. యుద్ధమును ప్రారంభించినది తాను కాదనియు, వర్తకులు, ఒకానొక సేనాని చేసిన పనులే కారణమనియు అందు చెప్పెను. నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి జాబులు గొప్ప సంపుటము. 2005లో యునెస్కో వానిని ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది. తిరుగబడినవారికి మాట లేదనుట అబద్ధము. వారు తేదీ వేసి సంతకము చేసి వ్రాసిరి. కథకులు ఆ జాబులను కథలోనికి రానీయలేదు. దానికి మరియొక ముఖమును కలదు. ట్రోథా సంహారాజ్ఞ హెరెరో భాషలోను వ్రాయబడి పంచబడెను. ఆ ప్రతి ఒకటి బోట్స్వానాలో దొరికినది. మొదట సువార్త వ్రాయుటకు కూర్చిన అక్షరములలోనే ఆ ఆజ్ఞయు వ్రాయబడెను. మన దేశమున మిషనరీ వ్యాకరణములను గూర్చి పొగడ్తయో తెగడ్తయో మాత్రమే వ్రాయుట అలవాటైనది. ఒక భాషకు లిపి కుదిరిన తరువాత అది ఎవరెవరి చేతికి పోయినదో చూచుటయే అసలు పరిశోధనము.

జింబాబ్వేలో మిషనరీ కలము నేరుగా తిరుగుబాటును చిత్రించిన సందర్భము కల్పన కాదు, నివేదిక. 1898 ఏప్రిలు 27న సాల్స్‌బరీ చెరసాలలో నెహాండ ఆత్మకు మాధ్యమముగా ఎంచబడిన చార్వె అను స్త్రీని, కాగువి మాధ్యమమయిన గుంబోరెషుంబ అనువానిని ఉరితీసిరి. యేసుసభ మిషనరీ రిచార్ట్స్ వారి కడపటి గడియలలో దగ్గర నుండి ఆ వృత్తాంతము వ్రాసెను. కాగువి బాప్తిస్మము గ్రహించెను. చార్వె నిరాకరించి, తనవారి కొరకు అరచుచు, ఎదిరించుచు ఉరికంబమెక్కెను. కాగువికి పెట్టిన పేరు డిస్మాస్. క్రీస్తు ప్రక్క సిలువ వేయబడి పశ్చాత్తాపపడిన దొంగకు సంప్రదాయమున నున్న పేరది. ఆ పేరు పెట్టిన క్షణముననే వృత్తాంతము కథగా మారినది. ఒకడు మంచి దొంగ అయినచో రెండవ ప్రక్కనున్న స్త్రీకి ఏ పాత్ర మిగులునో చెప్పనక్కరలేదు. ఎవడు కల్పించకయే, ఒక నామకరణముచే, తిరుగుబాటు దొంగతన మయ్యెను. కాని షోనాల స్మృతియందు మహామాతగా నిలిచినది ఆ స్త్రీయే. 2021 మే 25న హరారే నగరమధ్యమున నెహాండ విగ్రహము నిలిపిరి. అదే వారమున, మే 28న, హెరెరో, నామాల పట్ల జరిగినది నేటి దృష్టిలో జాతిసంహారమే యని జర్మను ప్రభుత్వము ప్రకటించెను.

ష్రైనర్ పుస్తకము చదివి కదలినవారిలో ఆర్థర్ షియర్లీ క్రిప్స్ ఒకడు. 1869లో పుట్టి ఆక్సుఫర్డులో చదివి, ఎస్సెక్స్‌లో ఆంగ్లికను గురువుగా నుండెను. కవి. 1901లో మిషనరీగా మషోనాలాండు చేరి, నడుమ కొలదికాలము తప్ప 1952లో మరణించువరకు అచ్చటనే గడపెను. అనగా కథ చదివి కథాస్థలమునకు పోయినవాడు. పూరిగుడిసెలో నివసించెను, ఎంత దూరమైనను కాలినడకనే పోయెను, గుడిసెపన్ను పెంపును పద్యములోను, అర్జీలలోను ఎదిరించెను. భూమి కొని, పన్ను లేక కూలిబెడద లేక ఆఫ్రికనులు దానిపై కాపురముండనిచ్చెను. తన మిషనుకు పెట్టిన పేరు మరొండ మషాను, షోనాలో 'ఐదు గాయములు'. పీటరు మంటయొద్దకు వచ్చినవాని పాదముల గాయములు ఇట్లు ఒక ఊరిపేరైనవి. 1913లో అతని నవల 'బే-ట్రీ కంట్రీ' వెలువడెను. దుష్టుడు పచ్చని చెట్టువలె వర్ధిల్లుటను చెప్పు కీర్తనను స్ఫురింపజేయు పేరది. నిర్బంధకూలి దాని విషయము.

నవలాకారుడుగా క్రిప్స్ ష్రైనర్‌కు చాలడు. అతని గద్యమున కవి అడ్డుపడుచుండును. కాని ఒక విషయమున అతడు ఇద్దరికంటెను దూరము చూచెను. అతని పట్టు అణచివేత యుద్ధముపై గాక, యుద్ధము ముగిసినదని అందరును తృప్తిపడిన శాంతిపై నున్నది. పన్ను కాగితము, కూలిపట్టీ, పొలము హద్దు రాయి: ఇవి అతని విషయములు. తిరుగుబాటును వర్ణించుట సులభము, దానికి పొగయు మంటయు ఉండును. దానికి మునుపును, వెనుకను రోజుకింతగా జరుగుదానిని కథ చేయుట కష్టము. నేలపై బ్రతికినవాడు గనుక క్రిప్స్‌కు అది కనబడెను. అయినను అతని కథను మోయు నైతికభారము తెల్లవాని మనస్సాక్షియే. యాబదియేండ్లు షోనాల నడుమ నున్నను, తిరుగబడిన షోనా నోట కథ చెప్పించుట అతనివల్లనూ కాలేదు.

అది వేరొక భాషలో జరుగవలసి యుండెను. జర్మనులో ఉవే టిమ్ 1978లో 'మొరెంగ' నవల వ్రాసి, దస్తావేజులను కథలో చొప్పించి, ఫ్రెన్సెన్‌కు సమాధానము చెప్పెను. నామా వీరుని పేరే దానికి పేరు. అయినను అందును చూచు కన్ను జర్మనుదే. షోనాలో సాలమన్ ముత్స్వైరో 'ఫేసో' 1956లో వెలువడెను. షోనా భాషలో మొదటి నవలగా దానిని లెక్కింతురు. కథ తెల్లవారు రాకమునుపటిది, రెండు జాతుల వైరము, రాజకుమార్తె అపహరణము. అందు తుపాకి లేదు, కంపెనీ లేదు. కాన అచ్చువేయించిన వలస ప్రభుత్వ సాహిత్యసంస్థకు అందు అభ్యంతరకరముగ ఏమియు కనబడలేదు. కాని కథ నడుమ ప్రజలు నెహాండను ఉద్దేశించి చేయు ఒక ప్రార్థన కలదు. క్రూరరాజు పీడను ఎన్నాళ్లు సహింతుమని అందు మొర. చదువరులు ఆ రాజు ఎవరో వెంటనే గుర్తుపట్టిరి. ఆ పద్యము జాతీయోద్యమ సభలలో చదువబడసాగెను. పిదప రొడీషియా ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను.